మర్చిపోని అక్క

అక్క పోయిందన్న కబురు మా ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోకి వచ్చిన రోజు, సాయంత్రానికల్లా అందరూ ఒకే పాట ఎత్తుకున్నారు. ఓర్పుకు మారుపేరట. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదట. పెద్ద మనసుతో అందరినీ క్షమించిందట. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. వాటి మధ్యలో ఆమె మాజీ మొగుడు కూడా ఒక బొమ్మ పెట్టి, కింద "మంచి మనిషి, ఎన్నో మధుర జ్ఞాపకాలు" అని రాశాడు.

ఫోను బోర్లా పెట్టేశాను. ఈ కైసర్స్‌లౌటర్న్‌లో ఆమెను నాకంటే దగ్గరగా చూసినవాళ్లు లేరు. ఆమె ఎవరినీ క్షమించలేదు. క్షమించడం ఆమెకు చేతకాదు. అది లోపమని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. మనిషి పోయింది కదా అని ఆమె కోపాన్ని కూడా కలిపి దహనం చేసేస్తుంటే ఊరుకోబుద్ధి కాక ఇది రాస్తున్నాను.

నేను జర్మనీలోని ఈ ఊరికి మాస్టర్స్ చదవడానికి వచ్చినప్పుడు నాకు దొరికిన గది వాళ్లుండే బిల్డింగులోనే, అన్నిటికంటే పైన, వాలు కప్పు కింద. మాది రాజమండ్రి, ఆమెది నల్గొండ. పెళ్లికి ముందు అక్కడ ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేది. మొగుడికి బ్లూ కార్డు వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను సూట్‌కేసు ఈడ్చుకుంటూ మెట్లెక్కుతుంటే తలుపు తెరిచి చూసి, ఏమీ అడక్కుండా సూట్‌కేసు రెండో చివర పట్టుకుని పైదాకా వచ్చింది. ఆ రాత్రికి గిన్నెడు పచ్చిపులుసు పంపింది. మర్నాటినుంచి నేను చెల్లెను, ఆమె అక్క.

ఆమె పట్టే పగలు మొదట్లో నాకు తమాషాగా ఉండేవి. ఒక దసరాకి ఎవరో ఆవిడ ఆమె చేసిన సకినాలు గట్టిగా ఉన్నాయని నవ్వింది. ఆ తర్వాత ఎన్ని పండగలొచ్చినా, ఎంతమందికి డబ్బాలు కట్టినా, ఆవిడకు మాత్రం సకినం ముక్క కూడా వెళ్లలేదు. ఆవిడ ఎదురుపడితే నవ్వుతూ పలకరించేది, పిల్లల చదువులు అడిగేది. డబ్బా మాత్రం లేదు. నేను నవ్వితే, "గట్టిగున్నయన్నది గద. పండ్లకు నొప్పయితది, ఎందుకు పాపం" అనేది మొహం ఏమాత్రం మారకుండా.

కింది అంతస్తులో ఉన్న జర్మన్ ముసలావిడ మా పోపు వాసనల మీద ఇంటి యాజమాన్యానికి ఫిర్యాదు చేసింది. అక్క గొడవ పెట్టుకోలేదు. మెట్ల దగ్గర అంటించి ఉండే ఇంటి నియమాల కాగితం ముందు నిలబడి ఒక్కో పదం ఫోనులో అర్థం చూసుకుంటూ మొత్తం చదివింది. ఆమె జర్మన్ చదువు అక్కడే మొదలైందని నా నమ్మకం. ఓ ఆదివారం ముసలావిడ ఇంట్లోనుంచి గోడకు డ్రిల్లు పెడుతున్న చప్పుడు వినగానే చీర సర్దుకుని కిందికి దిగి, తలుపు కొట్టి, ఆదివారం నిశ్శబ్దం పాటించాలమ్మా అని చక్కటి జర్మన్‌లో మర్యాదగా చెప్పి వచ్చింది. ఆ ఒక్క వాక్యం ఎన్ని రోజులు వల్లె వేసిందో నాకు తెలుసు. ఎందుకంటే నా గదిలో కూర్చునే వల్లె వేసింది.

తమాషా కానివి కూడా ఉండేవి. ఇంట్లో ఉన్నా సరే కుర్తా లోపల నడుముకు చిన్న గుడ్డ సంచీ కట్టుకుని ఉండేది. అందులో పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు, ఫోను. ఎవరి కారెక్కినా దారిలో ఆగినచోట దిగాల్సి వస్తే, నడిపేవాళ్ల దగ్గర తాళంచెవి అడిగి చేతిలో పట్టుకుని మరీ దిగేది. జనం దాన్ని చాదస్తం అనుకుని నవ్వుకునేవాళ్లు. ఆమె మొగుడు అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

ఆ నవ్వుకు ఒక కథ ఉంది. దాన్ని నేను ముందు ఆయన నోట విన్నాను.

ఎవరింట్లోనో పుట్టినరోజు విందు. పులావులు, బీర్లు అయ్యాక ఎవరో అడిగారు, అన్నా ఆ మోటర్‌హోమ్ కథ చెప్పవా అని. ఆయన సోఫాలో వెనక్కి వాలి చెప్పాడు. పెళ్లయిన కొత్తలో ఒక స్నేహితుడితో, అతని భార్యతో కలిసి, పడకలూ వంటిల్లూ ఉండే మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుని బోడెన్ సరస్సుకు బయలుదేరారట. ఆటోబాన్ అనే హైవే పక్కన పెట్రోలు బంకూ కాఫీ హోటలూ ఉన్న ఒక చోట ఆగారట. మళ్లీ బయలుదేరి చాలా దూరం వెళ్లాక, టీ పెట్టమందామని వెనక్కి తిరిగి చూస్తే ఈమె లేదట. పడుకుందనుకున్నారట. "మర్చిపోయినం యార్, పెండ్లాన్నే మర్చిపోయినం" అని ఆయన తొడ చరుచుకున్నాడు. గది గదంతా నవ్వింది. అక్క అప్పుడు పేపరు ప్లేట్లు అందిస్తోంది. ఆమె కూడా నవ్వింది. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

ఆ కథ నేను ఆ బిల్డింగులో ఉన్న కాలంలో ఎన్ని విందుల్లో విన్నానో. ప్రతిసారీ ఆయన తొడ చరచడం, ప్రతిసారీ ఆమె నవ్వడం, ప్రతిసారీ ఆ చెవులు. విన్న రోజు రాత్రి భోజనాలయ్యాక నా గదికి వచ్చి జర్మన్ పుస్తకం తెరిచేది.

ఆమె వైపు నుంచి ఆ కథ నాకు ఒక్కసారే చెప్పింది. మేమిద్దరం చింతకాయ తొక్కు నూరుతున్నాం. తలెత్తకుండా చెప్పింది.

బండి అద్దెకిచ్చేవాళ్లు తాళాలిచ్చేముందు అన్నీ చూపిస్తారు. నీళ్ల ట్యాంకు, గ్యాసు, మరుగుదొడ్డి డబ్బా ఎలా తీసి కడగాలో, దిగే మెట్టు ఎలా మూయాలో. ముందద్దం మీద బండి ఎత్తు రాసిన స్టిక్కరు ఉంటుంది, వంతెనల కింద వెళ్లేటప్పుడు చూసుకోమని. ఆయన స్నేహితుడితో ఫొటోలు దిగుతుంటే అక్క ఆ స్టిక్కరు చూసిపెట్టుకుంది. రెండో రోజు ఒక చిన్న ఊళ్లో రైలు వంతెన కిందికి ఆయన బండి పోనిస్తుంటే, వంతెన మీద రాసిన అంకె చూసి ఆపమని గట్టిగా అరిచింది. బండి వంతెన అంచున ఆగింది. పైకప్పు దక్కింది. స్నేహితుడు పకపకా నవ్వి, వదిన లేకపోతే ఇవాళ టాపు లేని బండిలో పోయేవాళ్లమని ఆయన భుజం తట్టాడు.

ఆయన ఆ చేతిని విదిలించి బండి వెనక్కి తీశాడట. ఆటోబాన్ ఎక్కాక, ప్రయాణికులు ఆగే మొదటి రాస్ట్‌హోఫ్ దగ్గర ఆపాడు. అక్క ఇంటి చెప్పులతోనే దిగి బాత్రూముకు వెళ్లింది. ఫోను బండిలో చార్జింగులో ఉంది. తిరిగి వచ్చేసరికి బండి ఉన్న చోటు ఖాళీ.

తనే దారి తప్పానేమోనని ఆ ఆవరణంతా తిరిగి చూసిందట. తర్వాత అర్థమైంది. ఎవరినైనా అడగడానికి భాష లేదు. ఫోను నంబర్లేవీ నోటికి రావు. బాత్రూములు శుభ్రం చేసే ఒక పెద్దావిడ బయటికి కుర్చీ తెచ్చి వేసి ఏదో అడిగింది. "మాన్ అంటే మొగుడని ఒక్కటి తెలుసు నాకు. మాన్ అన్న. రోడ్డు దిక్కు చెయ్యి చూపిచ్చిన. ఆమె నా నెత్తి నిమిరింది చెల్లె. గప్పుడు ఏడుపొచ్చింది."

ఎండ వాలాక బండి తిరిగి వచ్చింది. స్నేహితుడి భార్య పోరుపెడితే వచ్చారని తర్వాత తెలిసింది. ఆయన కిటికీలోనుంచి తల బయటపెట్టి బుద్ధొచ్చిందా అని అడిగాడు. అక్క ఎక్కింది. ఆ రాత్రి అందరికీ అన్నం వండింది.

"మర్చిపోయినమని అందరికి చెప్పుకుంటడు గద. నేనేం మర్చిపోలె" అని రోలు తుడిచింది.

ఆ తర్వాత ఆమె చేసినవన్నీ జనం వేరేగా అర్థం చేసుకున్నారు. సాయంత్రం జర్మన్ క్లాసులకు వెళ్తే, బోర్ కొట్టక వెళ్తోందన్నారు. ఒక బడిలో మధ్యాహ్నం తర్వాత పిల్లల్ని చూసుకుంటూ లెక్కలు చేయించే పనిలో చేరితే, కాలక్షేపం అన్నారు. డ్రైవింగ్ పరీక్ష ఒకసారి తప్పి రెండోసారి పాసైతే, ఆయన స్వీట్లు పంచాడు. లైసెన్సుకు కొన్నేళ్లు నిండితే తప్ప, ఆమె నడపాలనుకున్న ఆ మోటర్‌హోమ్ అద్దెకివ్వరని ఆమెకు తర్వాత తెలిసింది. నేను నిరుత్సాహపడ్డాను. ఆమె పడలేదు. తొందరేముంది, ఆగుతాను అంది. ఈలోగా నా చదువైపోయింది, ఉద్యోగం వచ్చింది, వేరే ఇల్లు తీసుకున్నాను. ఆమె మాత్రం శనివారాల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బడివాళ్ల పాత వ్యాన్ నడుపుతూ, సందుల్లో రివర్స్ చేస్తూ, ఉండేది.

ఒక వేసవిలో ఫోను చేసి సెలవు పెట్టమంది. బండి తీసుకుంటున్నాను, బోడెన్ సరస్సుకు, ఆయన కూడా వస్తున్నాడు అంది. నేనెందుకు అని అడిగితే సాక్ష్యం కావాలంది.

అద్దెకిచ్చే ఆవరణలో ఆయన చాలా సరదాగా ఉన్నాడు. బండి అప్పగించే మనిషిని ఏదో అడగబోయి రెండు ముక్కలు తడబడితే, ఆ మనిషి అక్క వైపు తిరిగాడు. ఇక చివరిదాకా అటే తిరిగి మాట్లాడాడు. నడిపేవాళ్ల చోట ఆమె తన ఒక్క పేరే రాయించింది. ఆయన బండి ముందు నిలబడి ఫొటో దిగి, ఈసారి డ్రైవరమ్మ మా ఆవిడే అని గ్రూపులో పెట్టాడు. దారంతా పక్క సీట్లో కూర్చుని అద్దం చూడు, లారీ చూడు, గేరు మార్చు అంటూ వచ్చాడు. ఆ బండికి గేర్లు మార్చే పనే లేదు. అక్క అలాగే, అలాగే అంటూ వచ్చింది.

అక్క చెప్పిన ఆ రాస్ట్‌హోఫ్ బోర్డు కనపడగానే నేను ఆమె వైపు తిరిగాను. ఆమె ఇండికేటరు వేసి మెల్లగా లోపలికి తిప్పి ఆపింది. ఆయనకు ఆ చోటు గుర్తేలేదు. ఎన్ని విందుల్లో ఎన్నిసార్లు చెప్పాడో ఆ కథ, ఆ చోటు మాత్రం గుర్తులేదు. కాఫీ తాగొస్తానని ఫోను జేబులో వేసుకుని దిగాడు. మీకేమైనా కావాలా అని అడగలేదు.

ఆయన తలుపు దాటి లోపలికి వెళ్లగానే అక్క బండి కదిల్చింది. బంకు వెనక లారీలు ఆగే చోటికి తీసుకెళ్లి, రెండు పెద్ద లారీల మధ్య ఆపి ఇంజను ఆర్పేసింది. అక్కడినుంచి మేము ఆగిన చోటు సందులోనుంచి కనపడుతోంది. ఏం చేద్దామక్కా అన్నాను. ఒక్కసారి ఆయన మొహంలో భయం చూడాలి, చూసి వెళ్లి ఎక్కించుకుంటాను అంది. అప్పటికి ఆమె అనుకున్నది అంతే. నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఆయన ఒక్క కాఫీతో బయటికి వచ్చాడు. ఖాళీ చోటు చూసి ముందు నవ్వాడు. అటూ ఇటూ నడిచాడు. కాఫీ చెత్తబుట్ట మీద పెట్టి ఫోను తీశాడు. మోగింది నా ఫోను. అక్క స్పీకరు పెట్టమని సైగ చేసింది.

"ఎక్కడున్నరు మీరు? బండికేమన్న అయిందా?" అన్నాడు. ఇక్కడే ఉన్నామండీ అన్నాను. "ఆమెకు రివర్స్ సరిగ రాదు. ఎక్కడన్న గీకిందంటే మనకు మోత. బండి మంచిగనే ఉందా, అది చెప్పు ముందు." ఇంకా చాలాసేపు మాట్లాడాడు. బండి గురించి నాలుగైదు రకాలుగా అడిగాడు. అక్కకు ఏమైనా అయిందా అని అడగలేదు. చివర్లో దానికి ఫోనియ్యి, ఇంటికొచ్చాక చెప్తాను దాని సంగతి అన్నాడు.

ఆమె ఫోను తీసుకుంది. అప్పటిదాకా నా ఎరుకలో ఎప్పుడూ ఆయన్ను మీరు అనే పిలిచింది.

"నువ్వు ఇంటికెట్ల వస్తవో నువ్వే చూసుకో" అంది.

ఫోను నా ఒళ్లో పెట్టి ఇంజను స్టార్టు చేసింది. లారీల మధ్యనుంచి బండిని వెనక్కి తీసింది, ఒక్క గీత పడకుండా. ఆయన ముందునుంచే వెళ్లాం, మెల్లగా. ఆయన చెయ్యెత్తి రెండడుగులు పరిగెత్తాడు. నోరు తెరుచుకుని ఉంది. నేను తల తిప్పుకోలేదు, కళ్లారా చూశాను. ఆ మొహం గుర్తొస్తే ఈ వయసులో కూడా నాకు నిద్ర బాగా పడుతుంది.

సరస్సు దగ్గర ద్రాక్షతోటల పక్కన బండి పెట్టుకుని సెలవులన్నీ ఉన్నాం. పొయ్యి వెలిగించలేదు. బ్రెడ్డు, టమాటాలు, బుట్టలకొద్దీ చెర్రీలు. అక్క నీళ్లలో కాళ్లు పెట్టుకుని గంటల తరబడి కూర్చునేది. నేను ఇంకా ఆ మొహం తలుచుకుని నవ్వుతుంటే ఒక సాయంత్రం అంది, "సరిపోలె చెల్లె. ఆయనకు గింతన్న భాషుంది, ఫోనుంది, జేబుల కార్డుంది. దోస్తుకు ఫోన్ జేస్తే వచ్చి తీస్కపోయిండు. నా లెక్క నిలబడలె ఆయన."

నిజమే, స్నేహితుడే వచ్చి తీసుకెళ్లాడు. అతను ఊరుకుంటాడా? మేము తిరిగి వచ్చేలోపు ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. ఆ తర్వాతి విందులో ఎవరో కుర్రాడు, అన్నా ఈసారి ఎవరు ఎవరిని మర్చిపోయారు అని అడిగాడట. ఆయన ప్లేటు అక్కడే పెట్టి వెళ్లిపోయాడట. మోటర్‌హోమ్ కథ మళ్లీ ఎవరూ వినలేదు. అక్క బండిని శుభ్రంగా కడిగి అప్పగించి, అటునుంచి అటే నా ఇంటికి వచ్చింది. తర్వాత బడి దగ్గర చిన్న ఇల్లు చూసుకుంది. విడాకులకు ఇక్కడ విడిగా ఉండి చూపించాలి. ఉండి చూపించింది.

కొన్నాళ్లకు ఆయన ఇండియా వెళ్లి మళ్లీ పెళ్లి చేసుకొచ్చాడు. కొత్త పెళ్లికూతురు మెదక్ దగ్గరి పిల్ల, అక్కకంటే చాలా చిన్నది. మొదటి భార్య మంచిది కాదు, ఆమె నీడ కూడా తగలనీయకు అని ఆ పిల్లకు అందరూ చెప్పి ఉంచారు. అక్క ఎదురుచూసింది.

ఒకరోజు ఏషియా షాపులో ఆ పిల్ల పెరుగనుకుని ఒక డబ్బా పట్టుకుని, దాని మీద రాసింది చదవలేక నిలబడి ఉందట. అక్క పక్కకు వెళ్లి, అది పెరుగు కాదమ్మా, పక్కది తీసుకో అని చెప్పింది. అంతే మొదలు. ఆ పిల్ల మంగళవారాలు నా ఇంటికి రావడం మొదలుపెట్టింది, ఇంట్లో షాపుకని చెప్పి. అక్క బడి నుంచి వచ్చి, నా వంటింటి బల్ల దగ్గర జర్మన్ చెప్పేది. తప్పు చేస్తే చెయ్యి మీద స్కేలుతో తట్టేది. ఆ తర్వాత క్లాసుల్లో చేర్చింది. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లు సొంతవాళ్లతో కలిసి ప్రాక్టీసు చేసుకునే మైదానం ఒకటి ఉంటే, అక్కడికి నా కారులో తీసుకెళ్లి, పక్కన కూర్చుని, క్లచ్చు వదలడం నేర్పింది.

నేను కరిగిపోయాను. ఎంతైనా నీ మనసు మంచిదక్కా, పాపం అనిపించింది కదా ఆ పిల్లను చూస్తే అన్నాను. ఆమె నా వైపు, చెప్పిన లెక్క అర్థం కాని పిల్లను చూసినట్టు చూసింది.

"పాపం లేదు ఏం లేదు. ఈ పిల్లకు భాషొస్తే, బండొస్తే, ఆయన ఈమెను ఎక్కడన్న దింపి పోగలుగుతడా? బుద్ధొచ్చిందా అని అడగగలుగుతడా? ఆయనకున్న సుఖం గదొక్కటే చెల్లె. అది గుంజుకుంటున్న."

గ్రూపులో ఆమె పెద్ద మనసు గురించి రాసినవాళ్లందరికీ ఈ మాటలు వినిపించాలని నా కోరిక.

అక్క జబ్బు బయటపడేసరికే ముదిరిపోయింది. ఆసుపత్రిలో ఆమెకు కిటికీ పక్క మంచం దొరికింది. మాటలు తగ్గాయి, కళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం నేను అక్కడుండగా ఆ పిల్ల వచ్చింది. కొత్తగా వచ్చిన లైసెన్సు కార్డు చూపించింది. తనే కారు నడుపుకుంటూ వచ్చిందట. ఆయన కూడా వచ్చాడట. తను నడుపుతుంటే ఆయన మాటలతో పరధ్యానం అవుతోందని వెనక సీట్లో కూర్చోబెట్టిందట.

నేను కిటికీలోనుంచి చూశాను. పార్కింగులో, నడిఎండలో, వెనక సీట్లో ఆయన. అద్దం సగం దించి ఉంది. పైకి రమ్మంటే రాలేదు, కిందే ఉంటానన్నాడని ఆ పిల్ల చెప్పింది. ఎక్కువసేపు ఉండకుండా వెళ్లాలని కూడా చెప్పి, చెప్పులు సర్దుకుంది.

అక్క నన్ను సాయం పట్టమని లేచి దిండుకు ఆనుకుంది. మెడ చాచి కిందికి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుంది.

"కూసో బిడ్డా. పోతవు తీ. ఒక సంత్ర తిని పో" అంది.

ఆ కమలాపండు తనే వలిచింది. ఒక్కో తొన విడదీసి, పీచు తీసి, గింజ తీసి, ఒకటి ఆ పిల్లకు పెట్టింది, ఒకటి తను నోట్లో వేసుకుంది. నమిలి, మింగి, మళ్లీ కిటికీలోనుంచి చూసి, ఇంకో తొన తీసింది. ఆ పిల్ల ఒకసారి గడియారం చూసుకుంది. తర్వాత చూడడం మానేసి, చెప్పులు విప్పి కాళ్లు పైకి పెట్టుకుంది.

పండు అయిపోవస్తుంటే నేను సంచీలోంచి ఇంకొకటి తీసి వలవడం మొదలుపెట్టాను.